పదివేలు కడితే సరిపోతుందా?

హోస్ట్: రికార్డింగ్ మొదలైంది మేడమ్. ఆ టీ గ్లాసు మైకుకి కాస్త దూరంగా పెట్టండి, చప్పుడు పట్టేస్తోంది.

అడ్వకేట్: పెట్టేశా. అడగండి.

హోస్ట్: ఈ వారం మనతో మాట్లాడుతున్నది నాంపల్లి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్. పేరు వద్దన్నారు కాబట్టి మేడమ్ అనే పిలుస్తాను. మేడమ్, సూటిగా అడిగేస్తా. తాగి బండి నడిపినవాడికి మన దగ్గర పడేది అసలు శిక్షేనా?

అడ్వకేట్: డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు పిలిచే రోజు ఒకసారి కోర్టుకి రండి, మీకే తెలుస్తుంది. వరండా నిండా జనం. ఎవరిని అడిగినా "ఒక్క బీరే మేడమ్" అంటారు. చేతిలో బ్రీత్ టెస్ట్ చీటీ చూస్తే 164 అని ఉంటుంది.

హోస్ట్: 164 అంటే?

అడ్వకేట్: వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉందో ఆ లెక్క. మన చట్టంలో హద్దు 30. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది 80, ఇంగ్లండ్‌లోనూ 80. అంకె చూస్తే మనమే కఠినం, తెలుసా? శిక్ష దగ్గరికొచ్చేసరికే తేలిపోతాం.

హోస్ట్: చట్టం ఏం చెబుతోంది?

అడ్వకేట్: మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 185. మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే 2 ఏళ్లు, 15 వేలు. 2019 సవరణకి ముందు మొదటి జరిమానా 2 వేల దాకానే. కాగితం మీద 6 నెలలు ఉంది కానీ, నేను చూసినంతలో మొదటిసారి దొరికినవాడికి జరిమానాతో సరి. అంకె మరీ ఎక్కువ ఉంటే రెండు మూడు రోజులు జైలు, లేకపోతే సోషల్ సర్వీస్.

హోస్ట్: 10 వేలంటే తక్కువేం కాదు కదా?

అడ్వకేట్: ఎవరికి? శనివారం రాత్రి పబ్బులో ఒక్క టేబుల్ బిల్లు అంత ఉండదా? అదే ఆటో నడుపుకునే అతను అప్పు చేసి కడతాడు. ఇద్దరికీ ఒకటే రేటు. నాకు కడుపు మండేది అక్కడ. ఇంకొకటి చెప్తా, నవ్వకూడదు. కోర్టుకి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్లని తీసుకురమ్మంటారు. జరిమానా అంటే లెక్కచెయ్యనివాడు "మా నాన్నని తేవాలా సార్?" అని నీరుగారిపోతాడు.

హోస్ట్: (నవ్వు) అది నిజమే!

అడ్వకేట్: ఒక పెద్దాయన వచ్చారు, పంచె కట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరు. కొడుక్కి నలభై దాటాయి, ఫోన్ చూసుకుంటూ పక్కన నిలబడ్డాడు. "అమ్మా, మావాడు ఎంత తాగాడంటావు?" అని నన్నడిగారు. చీటీ చూపించా. "ఇది ఎక్కువా, తక్కువా?" అన్నారు. 30 దాటకూడదండీ అన్నా. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఇంకేం మాట్లాడలేదు.

హోస్ట్: సరే, వీళ్లంతా ఎవరికీ ఏమీ కాకుండా దొరికినవాళ్లు. ప్రాణం పోతే?

అడ్వకేట్: అప్పుడు కథ మొత్తం మారిపోతుంది. 2006 నవంబర్, ముంబయి బాంద్రా, కార్టర్ రోడ్డు. పేవ్‌మెంట్ మీద పడుకున్నవాళ్ల మీదికి కారు ఎక్కేసింది. ఏడుగురు పోయారు. కింది కోర్టు ఎంత వేసిందో చెప్పండి.

హోస్ట్: ఐదేళ్లు?

అడ్వకేట్: 6 నెలలు. హైకోర్టు దాన్ని 3 ఏళ్లు చేసింది. 2012లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేస్తూ, ఈ మూడేళ్లు కూడా చాలా తక్కువే, కానీ పెంచమని ప్రభుత్వం అప్పీలు చెయ్యలేదు కదా అంది. తేడా సెక్షన్ దగ్గరే మొదలవుతుంది. నిర్లక్ష్యం అని పెడితే పాత శిక్షాస్మృతి, అంటే ఐపీసీ, 304ఏ కింద గరిష్ఠంగా 2 ఏళ్లే. ప్రాణం పోతుందని తెలిసీ చేశాడని పెడితే 304 రెండో భాగం, 10 ఏళ్ల దాకా. ఎఫ్ఐఆర్ రాసే రాత్రి ఆ స్టేషన్‌లో ఏ సెక్షన్ పడుతుందన్నదాన్ని బట్టే మిగతా కేసంతా నడుస్తుంది.

హోస్ట్: ఇప్పుడు కొత్త చట్టం వచ్చిందిగా?

అడ్వకేట్: 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత. 106(1) కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 5 ఏళ్ల దాకా. అయినా బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది. గుద్ది, చెప్పకుండా పారిపోతే 10 ఏళ్లు అని 106(2) పెట్టారు. దాని మీదే లారీ డ్రైవర్ల సమ్మె.

హోస్ట్: గుర్తుంది! 2024 జనవరి మొదట్లో. పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. హైదరాబాద్‌లో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లాడు.

అడ్వకేట్: అదే. ఆ దెబ్బకి ఆ క్లాజుని పక్కన పెట్టేశారు. డ్రైవర్ల భయంలోనూ న్యాయం ఉంది లెండి. ఆగితే జనం కొడతారు, వెళ్తే పదేళ్లు అంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

హోస్ట్: అయితే శిక్ష పెంచాలంటారా, వద్దంటారా?

అడ్వకేట్: పోయినవాళ్ల కేసుల్లో పెంచాలి, అందులో నాకు అనుమానం లేదు. కానీ దానివల్ల తాగి నడపడం తగ్గుతుందనుకోను. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు. తాగి బైక్ నడిపిన కుర్రాడు ముందే డివైడర్‌ని గుద్ది చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైక్‌ని హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు. బస్సులో 19 మంది కాలిపోయారు. తాగినవాడే లేడు, ఏ సెక్షన్ పెడతారు?

హోస్ట్: ...అవును.

అడ్వకేట్: నాలుగు పెగ్గులేసి ఖాళీ రోడ్డు మీద ఇల్లు చేరినవాడు, అదే నాలుగు పెగ్గులేసి మనిషిని గుద్దినవాడు చేసిన పని ఒక్కటే. మొదటివాడికి ఏమీ కాదు. వాడు వచ్చే శనివారం మళ్లీ బయల్దేరతాడు.

హోస్ట్: ఆ మొదటివాణ్ణి నేనే మేడమ్. పెళ్లికి ముందు, ఎన్నిసార్లో. ఏం కాలేదు కదా అనుకునేవాణ్ణి.

అడ్వకేట్: మీరు ఒప్పుకున్నారు, నయం. మా బంధువుల అబ్బాయి ఉన్నాడు. ఇక్కడున్నప్పుడు ఔటర్ మీద రేసులు. అమెరికా వెళ్లాక ఒక్క బీరు తాగినా క్యాబే. డీయూఐలో, అంటే తాగి నడుపుతూ, పట్టుబడితే వీసా రద్దు చేస్తారని వాడి టెన్షన్. మనిషి వాడే, తాగుడూ అదే.

హోస్ట్: ఇక్కడ అలాంటి భయం దేంతో వస్తుంది?

అడ్వకేట్: లైసెన్స్‌తో. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే తాగి నడిపితే కనీసం 3 నెలలు లైసెన్స్ సస్పెండ్ చెయ్యమంది. చేస్తున్నారు కూడా. కానీ ఆ 3 నెలలూ వాడు బండి నడుపుతూనే ఉంటాడు, ఎవరు ఆపి చూస్తారు? నాకైతే 3 నెలలు కాదు, ఏడాది పీకెయ్యాలి. ఆ ఏడాదిలో మళ్లీ స్టీరింగ్ పట్టుకుని దొరికితే అప్పుడు జైలు, కచ్చితంగా. ఆటో, క్యాబ్ నడుపుకునేవాళ్ల పొట్ట మీద కొడుతుంది అంటారు. కొడుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

హోస్ట్: మీరు చెప్పిన ఆ పెద్దాయన మళ్లీ కనిపించారా?

అడ్వకేట్: కోర్టు రోజున వచ్చారు. జరిమానా ఆయనే కట్టారు, కవర్లోంచి ఐదువందల నోట్లు లెక్కపెట్టి. బయటికొచ్చాక కొడుకు బండి తాళం అడిగాడు. ఆయన వినిపించనట్టు రోడ్డు మీదికి నడిచి ఆటో ఆపారు. ఇతను కాసేపు నిలబడి, వెళ్లి పక్కన కూర్చున్నాడు.