ఆటలు అయిపోయాక మైదానం ఎవరిది?

సభకు నమస్కారం.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి. 2036 ఒలింపిక్స్ కోసమూ మన దేశం ప్రయత్నిస్తోంది. అవి వస్తే కొన్ని పోటీలైనా హైదరాబాద్‌లో పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం కోరుతోంది. ఆటలంటే ప్రాణమిచ్చేవాణ్ని కనుక నాకూ సంతోషమే. అయితే ఖర్చయ్యేది జనం సొమ్ము.

మాంట్రియల్ 1976లో ఒలింపిక్స్ జరిపింది. ఆ అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ఆటల నాటికి ఇంకా పుట్టనివాళ్లు కూడా పెద్దయ్యాక పొగాకు పన్ను రూపంలో ఆ అప్పు తీర్చారు. ఆ గతి చూసి మిగతా నగరాలు జంకాయి. 1984 ఆటలకు చివరికి లాస్ ఏంజెలెస్ ఒక్కటే నిలిచింది, అందుకే తన షరతులు నెగ్గించుకోగలిగింది. 1932 ఒలింపిక్స్ జరిగిన కొలీజియంనే మళ్లీ వాడుకుంది. 20 కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకుంది.

ఢిల్లీ సంగతి తలచుకుంటే మాత్రం కడుపు మండుతుంది. 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు దళితుల కోసం కేటాయించిన ఉప ప్రణాళిక నిధులు మళ్లించారు. అది తప్పేనని అప్పటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకున్నారు. పేదపిల్లల చదువు సొమ్ముతో పండుగ చేసుకునే హక్కు ఏ నగరానికీ లేదు.

మన గచ్చిబౌలి చూడండి. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అక్కడ జరిగాయి. ఆ ఆవరణలో క్రీడాకారుల వసతికి కట్టిన బహుళ అంతస్తుల భవనాన్ని 2020లో కొవిడ్ ఆసుపత్రి చేశారు. ఆపదలో పనికొచ్చింది, మంచిదే. కానీ నిత్యం క్రీడాకారులతో నిండి ఉండే భవనాన్ని అంత తేలిగ్గా ఇచ్చేయగలిగేవాళ్లమా?

లండన్‌లో సైనా, రియోలో సింధు సాధించిన పతకాల వెనక ఉన్నదీ గచ్చిబౌలే. అయితే ప్రారంభోత్సవాల స్టేడియం కాదు, తెల్లవారకముందే సాధన మొదలయ్యే పుల్లెల గోపీచంద్ అకాడమీ.

అందుకే మన ప్రతినిధులను ముందుగానే నిలదీద్దాం. ఆటలు ముగిసిన మర్నాడు కోచ్‌ల జీతం ఎవరిస్తారు? సర్కారు బడి పిల్లల దగ్గర రుసుము అడుగుతారా? ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు ఏ పద్దులో ఉంది? వీటికి సంతకంతో కూడిన జవాబు వచ్చాకే మొదటి రూపాయి విడుదల కావాలి.