గోడ మీది తాబేలు

శ్రోతలకు నమస్కారం.

గోడ గడియారం ఏ వీధి చివరి కొట్లోనైనా దొరుకుతుంది. అయినా దాన్ని చెక్కతో, అదీ ఒక జంతువు ఆకారంలో, ఇంట్లోనే చేసుకోవడం గురించి ఈరోజు చెబుతాను. సెలవుల్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేసే పనుల్లో ఇంత తృప్తినిచ్చేది నాకు మరొకటి కనిపించలేదు.

ముందు ఏ జంతువో తేల్చుకోవాలి. చాలామంది ఏనుగునో గుర్రాన్నో గీసేసి, దాని పొట్ట మీద డయల్ అతికిస్తారు. అలా చేస్తే బొమ్మ దారి బొమ్మదే, గడియారం దారి గడియారానిదే. ముళ్ళు తిరగడానికి గుండ్రటి చోటు ఒంట్లోనే ఉన్న జంతువును ఎంచుకోండి. విశాఖలో ఉండి ఆలోచిస్తే నాకు వెంటనే తట్టేది తాబేలు. ఏటా చలికాలం చివర్లో మన తీరానికి వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోయే ఆలివ్ రిడ్లీ తాబేలు. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లను కంచె వేసిన చోట భద్రపరిచి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. దాని డిప్ప పొడవు ఎంతో వెడల్పూ దాదాపు అంతే ఉంటుంది. గడియారానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. కంపాస్‌తో వృత్తం గీయండి. కంపాస్ కాళ్ళ మధ్య దూరం మార్చకుండా, వృత్తం మీద పై కొసన మొదలుపెట్టి అంచు వెంబడే గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళండి. సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. పన్నెండు దగ్గర తల పెట్టండి. పది, రెండు దగ్గర ముందు తెడ్లు, అంటే ఈత కొట్టే కాళ్ళు, ఎనిమిది, నాలుగు దగ్గర వెనక తెడ్లు, ఆరు దగ్గర తోక. అంకెలు రాయకపోయినా టైమ్ తెలిసిపోతుంది. మిగిలిన ఆరు గంటలకూ మధ్యలో చిన్న చుక్కలు చాలు. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా ఈ గుర్తులు పెట్టగలరు. ఆరో గుర్తు తర్వాత కంపాస్ తిరిగి మొదటి గుర్తు మీదికే రావడం చూసి తెగ సంబరపడతారు.

అయితే చెక్క కొనేముందు గడియారం మిషన్ కొనండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. వాచీ రిపేరు షాపుల్లో విడిగా అమ్ముతారు. వెనక నల్లటి ప్లాస్టిక్ డబ్బా, సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. ముందుకు పొడుచుకొచ్చిన మరల గొట్టం. ఆ గొట్టం పొడవే మన పనంతటినీ శాసిస్తుంది. చెక్క మందం దాటాక నట్టు బిగించడానికి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు మిగలాలి. 12 మిల్లీమీటర్ల చెక్క తెచ్చుకుని, పొట్టి గొట్టం మిషన్ కొంటే, వెనకవైపు ఉలితో గూడు తొలవాల్సి వస్తుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మామూలు మిషన్ సరిపోతుంది.

ఆ డబ్బాలో ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే ఒకటి వస్తుంది. అదే మనం వినే టిక్కు. ముల్లును తిప్పే మోటారుకు మాత్రం బలం చాలా తక్కువ. బ్యాటరీ అయిపోతున్నప్పుడు సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గరే కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ ముల్లు అడ్డంగా ఉంటుంది, పైకి ఎత్తడానికి ఎక్కువ బలం కావాలి. అందుకే చెక్కతో ముళ్ళు చేసే ఆలోచన వద్దు. మిషన్‌తో వచ్చిన తేలికపాటి అల్యూమినియం ముళ్ళే వాడండి.

చెక్క విషయంలో మన ఊరి గాలిని మరిచిపోకూడదు. సాగర్‌నగర్‌లోనో పెదవాల్తేరులోనో ఉండేవాళ్ళకు ఉప్పుగాలి గురించి నేను చెప్పేదేముంది? చెక్కపొట్టును అదిమి చేసే ఎండీఎఫ్ చెక్క చూడ్డానికి నున్నగా ఉన్నా, చెమ్మ తగిలితే ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లై ముక్క అడగండి. వడ్రంగి పని జరిగే చోట మిగిలిన ముక్కలు తక్కువకే దొరుకుతాయి. స్క్రూలు ఇత్తడివి తీసుకోండి.

కోయడం పెద్దవాళ్ళ పని. తెడ్డు డిప్పను కలిసే మూలల్లో రంపం తిరగదు. అక్కడ ముందుగా డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసుకోండి, బ్లేడు ఆ రంధ్రంలో హాయిగా మలుపు తీసుకుంటుంది. జిగ్ సా అనే కరెంటు రంపం వాడితే పై పొర పెచ్చులు లేస్తుంది, కాబట్టి చెక్క మంచి ముఖం కిందికి ఉంచి కోయండి. మధ్య రంధ్రానికి 8 మిల్లీమీటర్ల బిట్టు. ఆ తర్వాత గరుకు కాగితం పిల్లల చేతికివ్వండి, ముందు 120 నంబరు, తర్వాత 220. ముక్కుకు మాస్కు కట్టండి.

ఇక అంచులు. ప్లైవుడ్ తడి పీల్చేది ఎక్కువగా అంచుల్లోంచే. రంగు వేసేటప్పుడు అందరూ ముఖం మీదే శ్రద్ధ పెట్టి, అంచుకు ఒక్క చేయి వేసి వదిలేస్తారు. మీరు అంచుకు వుడ్ ప్రైమర్ రెండుసార్లు పట్టించండి, వెనకవైపూ వదలకండి. రంగుకు బూడిద కలిసిన ఆకుపచ్చ బాగుంటుంది, ఈ తాబేలు అసలు రంగుకు అదే దగ్గర. తళతళలాడే ఎనామిల్ కంటే మ్యాట్ వార్నిష్ నాకు నచ్చుతుంది, లైటు వెలుగు పడినా ముళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి.

గంటల చుక్కల్ని కూడా రంగుతో పెట్టొచ్చు. నా సలహా మాత్రం ఏటికొప్పాక లక్క పూసలు. వరాహ నది ఒడ్డున ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను తరిణె, అంటే లేత్ మీద తిప్పుతూ రంగు లక్కను ఒత్తిపెడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మన ఇంట్లో తరిణె ఉండదు కదా, చిన్న పూసలు ఆరు కొని, ఫెవికాల్‌తో అతికిస్తే ఆ డిప్పకే కళ వస్తుంది. పూసలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ముళ్ళు తగలనంత బయటికి పెట్టండి.

బిగించేటప్పుడు మూడు ముళ్ళనూ పన్నెండు మీదే ఉంచి, చిన్న ముల్లు, పెద్ద ముల్లు, సెకన్ల ముల్లు వరసలో నొక్కండి. పెద్ద ముల్లును వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పి, ఒకదానికొకటి రాసుకోవడం లేదని చూసుకోండి. కొక్కెం సరిగ్గా తల వెనక రావాలి. పక్కకు జరిగితే తాబేలు ఒరిగిపోతుంది, దాంతో టైమ్ చదవడమూ కష్టమే. వానాకాలంలో చెమ్మ ఊరే గోడకు తగిలించకండి. ఊరెళ్ళి చాలా రోజులు ఇల్లు తాళం వేసి ఉంచేటట్టయితే బ్యాటరీ తీసేయండి, లేకపోతే లోపలి ద్రవం కారి మిషన్ పాడవుతుంది.

సెలవు. నమస్కారం.