ఎండిన లుపిన్ కొమ్మ, పక్కన అంటించిన చీటీ

[దృశ్యం: మందపాటి కాగితం మీద ఎండిన కొమ్మ. కెమెరా మెల్లగా కింది మూలనున్న లేబుల్ మీదికి దిగుతుంది.]

వ్యాఖ్యానం: చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ అడవి లుపిన్‌కు 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ లుపినస్ పెరెన్నిస్ అని పేరు పెట్టాడు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని ఇసుక నేలల్లో, ఎక్కువగా మే, జూన్ నెలల్లో ఇది నీలంగా పూస్తుంది. ఎండాక ఆ నీలం వెలిసిపోతుంది కనుక, సేకరించినవారు పువ్వు రంగును చీటీ మీద రాయకపోతే ఆ సంగతి వారితోనే పోతుంది. ఎవరు, ఏ తేదీన, ఏ ఊరి దగ్గర, ఎలాంటి నేలలో కోశారన్నది కూడా ఆ చీటీయే చెప్పాలి.

[దృశ్యం: కాడ మీది నూగు, భూతద్దంలో.]

ఈ నూగును గమనించండి. హెర్బేరియం అంటే ఇలా ఎండబెట్టిన మొక్కల షీట్లను భద్రపరిచే చోటు. హార్వర్డ్‌లోని గ్రే హెర్బేరియం బాధ్యతలు చూసిన సెరెనో వాట్సన్, ఈ జాతిలోనే ఆక్సిడెంటాలిస్ అని పేరుపెట్టిన రకంలో ఇది పొడవుగా, కాడకు అంటుకోకుండా బయటికి విచ్చుకుని ఉంటుంది. కొందరు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ప్రత్యేక రకంగా ఉంచుతారు, మరికొందరు మూల జాతిలోనే కలిపేస్తారు. అందువల్ల హెర్బేరియం షీట్ల ఆన్‌లైన్ పట్టికలో రకం పేరుతో మాత్రమే వెతికి, దొరికిన వరుసలను లెక్కపెట్టి, ఇది అరుదైనదని తేల్చేయడం తొందరపాటే. ఒకే మొక్క నుంచి కోసిన కొమ్మలను రెండు మూడు హెర్బేరియంలకు పంచే అలవాటు కూడా ఉంది కాబట్టి, లెక్క ఉన్నదానికన్నా ఎక్కువగా కూడా రావచ్చు.

[దృశ్యం: ఒకే షీటు మీద వేర్వేరు చేతిరాతల్లో మూడు చీటీలు.]

తర్వాత పరిశీలించినవారు పేరు మార్చదలిస్తే పాత చీటీని చింపరు; దాని పక్కనే తమ పేరు, సంవత్సరం రాసిన కొత్త చీటీని అంటిస్తారు. పట్టికలో సాధారణంగా చివరి పేరే ముందు కనబడుతుంది, వాదమంతా షీటు మీదే ఉంటుంది.

[దృశ్యం: అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రోడ్డు పక్కన లుపిన్ పూలు.]

కార్నర్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఈ అడవి లుపిన్ ఆకులు తప్ప వేరేవి తినవు. ఆ సీతాకోకచిలుకను అమెరికా 1992లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది కాబట్టి, ఒకప్పుడు ఈ మొక్క ఎక్కడెక్కడ పెరిగిందో తెలియడం అవసరమైంది. మెయిన్‌లో ఇప్పుడు రోడ్ల పక్కన విరివిగా కనిపించేది ఉత్తర అమెరికా పశ్చిమ భాగం నుంచి వచ్చిన మరో లుపిన్ జాతి, లుపినస్ పాలీఫిల్లస్. స్థానిక లుపిన్ అక్కడ అడవి నుంచి కనుమరుగైంది. స్థానిక జాతి ఆకులో సాధారణంగా 7 నుంచి 11 చిరుపత్రాలు ఉంటాయి, వచ్చినదానిలో అంతకన్నా ఎక్కువ. పాత షీటు మీది పేరును ఎవరైనా శంకిస్తే, ఆ ఆకు లెక్కపెట్టుకోవడానికి అక్కడే ఉంది.