పొద్దున టీ

సభకు నమస్కారం.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి, మొక్కు తీర్చుకోవడానికి వీధుల్లో నడుస్తుంటే తిరుపతి ఫొటోగ్రాఫర్లమంతా వెంట పరుగెడతాం. ఆ వేషాలు పదిమందీ చూడడానికే కనుక అందులో తప్పు లేదు. ట్రాన్స్ మహిళ కట్టుకునే చీర మాత్రం వేషం కాదు. ఈ తేడా ఒంటబట్టకుండానే ఒకామె గడప తొక్కినవాణ్ణి నేను.

తన అద్దె గదిలో ఉదయపు పనులు తీయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఇటువంటి ఫొటోల్లో తరచూ కనిపించే దృశ్యమే నేనూ కోరాను: అద్దం ముందు గడ్డం గీసుకోవడం. కెమెరా ఎత్తగానే ఆమె రేజరు పక్కన పెట్టి, "అన్నా, నువ్వు గడ్డం గీక్కునేది ఎవురికన్నా చూపించినావా?" అన్నారు. నేను కెమెరా దించేశాను. కాసేపటికి ఆమె గిన్నెను గుడ్డతో అదిమిపట్టి రాగి సంగటి కెలుకుతుంటే, ఆవిరి పట్టిన లెన్సును తుడుచుకుంటూ తీసిన బొమ్మనే ఆమె గోడకు తగిలించుకున్నారు.

ముందురోజు తీసుకున్న ఒప్పుకోలు ప్రతి బొమ్మకూ చెల్లదని అప్పుడు తెలిసింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871 చట్టంతో ఉత్తరాదిలో హిజ్రాల పేర్లూ నివాసాలూ అనుమానం మీద రిజిస్టరుకెక్కించింది. బయటివాడు వచ్చి తమను నమోదు చేసుకుంటానంటే వారు జంకడంలో వింత లేదు. తమ లింగ గుర్తింపును తామే చెప్పుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న గుర్తించింది, గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తీర్పునిచ్చింది. కానీ ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే ఆ సాయంత్రానికి ఆ తీర్పులు అక్కరకు రావు. అందుకే ఫైలులో దాగిన లొకేషన్ వివరాలు తీసేస్తాను, కిటికీని కూడా చూసుకుంటాను. అందులోంచి కనిపించే కొండ వాలును బట్టి అది ఏ వీధో ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇక బొమ్మ కింది వాక్యం. ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడని నాన్-బైనరీ విద్యార్థి ఒకరు టీ కాచుకుంటుండగా తీశాను. తెలుగులో 'తను' అని తప్పించుకున్నా క్రియ పట్టిస్తుంది: కాచుకుంటున్నాడు, కాచుకుంటోంది. "కాచుకుంటున్నారు" అని రాసి చూపిస్తే, ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ విద్యార్థి నవ్వి, "నాకంత మర్యాద ఎందుకు సార్, క్రియే తీసేయండి" అన్నారు.

ఇప్పుడు ఆ బొమ్మ కింద 'పొద్దున టీ' అని మాత్రమే ఉంది.