లైఫ్‌టైమ్ ఆయిలంటే ఎవరి లైఫు?

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు పెద్ద ఎస్‌యూవీల గేర్‌బాక్స్ గురించి, అందులోనూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి మాట్లాడదామని వచ్చాను. టైము తక్కువ కాబట్టి చరిత్ర ఒక్క ముక్కలో తేల్చేస్తా: 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి 4 గేర్లు, ఇప్పటి ఎక్స్‌పెడిషన్, టాహో లాంటి బళ్లకి 10 గేర్లు. నేను అసలు చెప్పాలనుకున్నది మా బావ బండి కథ.

బావది మూడు వరసల సీట్లున్న పెద్ద బండి, బరువు దాదాపు రెండున్నర టన్నులు. 1 లక్షా 40 వేల కిలోమీటర్లు తిరిగాక దానికో వణుకు పట్టుకుంది. ఎప్పుడూ కాదండీ, 70లో నిమ్మళంగా పోతూ యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనించినప్పుడు మాత్రమే, గరగరమని రెండు సెకన్లు, అంతే. మొదట రోడ్డే బాలేదనుకున్నాడు. తర్వాత టైర్లేమోనని బ్యాలెన్సింగ్ చేయించాడు, పోలేదు. స్పార్క్ ప్లగ్గులు మార్పించాడు, పోలేదు. ఒకచోటైతే గేర్‌బాక్స్ మొత్తం దించి కొత్తది వేయాల్సిందే అన్నారట, ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదని మా అక్క చెప్పింది.

చివరికి ఒక పాత మెకానిక్ దొరికాడు. బానెట్ కూడా ఎత్తలేదు, పక్క సీట్లో కూర్చుని "పదండి సార్, మీరే నడపండి" అన్నాడు. ఖాళీ రోడ్డు మీదికి వెళ్లారు, వణుకు వచ్చింది. "కుడికాలు తీయకండి, ఎడంకాలితో బ్రేకుని ఊరికే అలా ముట్టుకోండి, తొక్కొద్దు" అన్నాడు. ముట్టుకున్నాడు, వణుకు పోయింది! కాలు తీశాడు, కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ ముట్టుకున్నాడు, మళ్లీ పోయింది. "చాల్సార్, వెనక్కి తిప్పండి" అన్నాడాయన.

ఇందులో మాయేం లేదు. ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒకటుంటుంది, దాంట్లో ఇంజన్ తిప్పే రెక్కలు ఒకవైపు, గేర్‌బాక్స్‌ని తిప్పే రెక్కలు ఇంకోవైపు, రెండూ ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో ఉన్నది ఆయిలే. బకెట్ నీళ్లలో చెయ్యి పెట్టి గిర్రున తిప్పి ఒక ఆకు వేస్తే ఆకు కూడా తిరుగుతుంది చూడండి, అలాగన్నమాట. అయితే నీళ్ల కన్నా ఆకు ఎప్పుడూ కాస్త వెనకే ఉంటుంది, అంటే కొంత శక్తి వేడిగా మారి పోతోంది. అందుకని బండి ఒక స్పీడు అందుకున్నాక లోపల ఒక క్లచ్ ఆ రెండు వైపుల్నీ కలిపి పట్టేస్తుంది, దాన్నే లాకప్ అంటారు. బ్రేకు ముట్టుకోగానే కంప్యూటర్ ఆ పట్టు వదిలేస్తుంది. వణుకు కూడా దాంతోనే పోయిందంటే టైర్లదీ కాదు, ప్లగ్గులదీ కాదు, తప్పు ఆ క్లచ్ దగ్గర, లేదా ఆ క్లచ్ మునిగి ఉన్న ఆయిల్లో. నాకైతే ఈ చిన్న పరీక్షంటే ఎంత ఇష్టమో చెప్పలేను, పైసా ఖర్చు లేదు, ఒక్క పానా తిప్పలేదు.

తర్వాత బండి పైకెత్తి గేర్‌బాక్స్ కింద ఆయిలు నిలిచే ప్యాన్ విప్పారు. కొత్తప్పుడు ఎర్రగా ఉండాల్సిన ఆయిలు నల్లగా కారింది, మాడు వాసన. ప్యాన్ అడుగున అయస్కాంతాలుంటాయి, వాటికి బూడిదరంగు ముద్ద పట్టింది. ఆయన ఆ ముద్దని వేళ్ల మధ్య నలిపి వెలుతుర్లో చూశాడు. మెత్తగా పేస్టులా ఉంటే మామూలు అరుగుదల, చేతికి గుచ్చుకునే ఇనప ముక్కలుంటే ఆశ వదులుకోవాలి. మెత్తగానే ఉంది.

మరి 1 లక్షా 40 వేల దాకా ఆయిలెందుకు మార్చలేదంటే, "లైఫ్‌టైమ్ ఆయిలు, మార్చక్కర్లేదన్నారుగా" అన్నాడు బావ. ఎవరి లైఫు? బండి లైఫా, వారంటీ లైఫా? ఎన్నో పెద్ద బళ్లకి గేర్‌బాక్స్‌లు ఇచ్చే జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీయే 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. ట్రెయిలర్ లాగేవాళ్లు, ఘాట్ ఎక్కేవాళ్లు అంతకన్నా ముందే మార్చాలి, ఎందుకంటే ఈ ఆయిల్ని చంపేది వేడి, పెద్ద బండికి బరువెక్కువ, బరువెక్కువైతే వేడెక్కువ. ఇంకోటి, ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడతారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి, లోపల ఆయిలు కాగిపోతుంది.

సరే, ఆయిలు మార్చారు. ప్యాన్ విప్పితే మొత్తం రాదు, సుమారు సగమే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ పైపుల్లోనూ ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు నడిపి మళ్లీ మార్చారు, ఇంకొన్నాళ్లకి మూడోసారి. సగం, ముప్పావు, మూడోసారికి నూటికి 87 పాళ్లు కొత్త ఆయిలు. రెండోసారికే వణుకు తగ్గింది, మూడోసారికి పోయింది. అన్ని బళ్లకీ ఇలాగే అవుతుందని కాదు, క్లచ్ అప్పటికే అరిగిపోయుంటే ఏ ఆయిలూ కాపాడదు. ఆయిలు మాత్రం మాన్యువల్లో రాసిన గ్రేడే పోయాలి, దగ్గరదగ్గరగా ఉంది కదా అని వేరేది పోయించుకోకండి.

సొంతంగా మార్చుకునేవాళ్లకి ఒక్క మాట. కింద డ్రెయిన్ బోల్టు విప్పేముందు పైన ఆయిలు పోసేచోట ఉండే ఫిల్ బోల్టు విప్పి చూసుకోండి. ముందు పైది, తర్వాతే కిందది. ఏళ్ల తరబడి కదలని బోల్టు ఒక్కోసారి బిగుసుకుపోయి రానే రాదు, అప్పటికే కింద ఆయిలంతా వదిలేశారనుకోండి, ఖాళీ గేర్‌బాక్స్‌తో ఇంట్లో కూర్చోవాలి. బావ నాలుగోసారి తనే చేసుకుంటానని షెడ్డులో దూరి నాకు ఫోన్ చేసింది సరిగ్గా అందుకే.