మొదటి మెట్టు ఎత్తు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లోని మెహదీపట్నం బస్టాపులో మా అమ్మతో నిలబడ్డ ఒక ఉదయం గురించి ముందు చెబుతాను. కోఠి వెళ్లాలి. అమ్మకు డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ నొప్పులే. బస్సు వచ్చింది. అది ఆగాల్సిన చోట మాత్రం రెండు కార్లు, వాటి వెనుక ఒక షేర్ ఆటో నిలబడి ఉన్నాయి. డ్రైవర్ మాత్రం ఏం చేస్తాడు? రోడ్డు మధ్యలోనే ఆపాడు. ఫుట్‌పాత్ దిగి, ఆటోను చుట్టి, బైకులను తప్పించుకుంటూ తలుపు దగ్గరికి చేరాం. మొదటి మెట్టు అమ్మ మోకాలి దాకా వచ్చింది. కడ్డీ పట్టుకుంది కానీ కాలు లేవలేదు. కండక్టరమ్మ చెయ్యి అందించి, "పెద్దమ్మా, మెల్లగా రా" అంది. వెనుక ఒకటే హారన్లు. అమ్మకు టెన్షన్ వచ్చేసింది. కడ్డీ వదిలేసి, "వద్దు బిడ్డా, ఆటోలో పోదాం" అంది.

2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇళ్లలో పని చేసే అక్కలకు, మార్కెట్లో పూలు, కూరగాయలు అమ్ముకునే అమ్మలకు ఆ జీరో టికెట్ ఎంత ఆసరానో ఏ బస్సు ఎక్కినా కనిపిస్తుంది. నేను ఆ పథకాన్ని మనసారా మెచ్చుకుంటాను. అయినా మా అమ్మ ఆ రోజు ఉచిత బస్సు ఎక్కలేక, డబ్బులిచ్చి ఆటోలో వెళ్లింది.

ఇప్పుడు మన నగరానికి కొత్త బస్సులు రాబోతున్నాయి. 2019లో విమానాశ్రయం దారిలో 40 ఎలక్ట్రిక్ బస్సులతో మొదలైంది. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఒక్క హైదరాబాద్‌కే 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. నాకు నిజంగా సంతోషం కలిగించిన వార్త ఇది. డీజిల్ బస్సు అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, పొగ వస్తూనే ఉంటుంది. ఆ పొగలోని సన్నని నుసి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు, గొంతు ఆపలేవు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు వెళ్తుంది. ఎలక్ట్రిక్ బస్సు ఆగితే మోటారూ ఆగుతుంది. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకే వెళ్తుంది. బస్సుకు ఛార్జింగ్ పెట్టే కరెంటు చాలావరకు బొగ్గు నుంచే వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, అందుకే సౌర విద్యుత్తు కూడా పెరగాలి. కానీ బస్టాపులో చంకలో పిల్లాడితో నిలబడ్డ తల్లి ముఖం మీదికి పొగ రాకపోవడం చిన్న మేలు కాదు.

గాలి నిజంగా బాగుపడాలంటే బైకుల మీద, కార్లలో తిరిగే మనం బస్సులోకి రావాలి. రావాలంటే ఎక్కగలగాలి.

అందుకే ఆ 2,000 బస్సుల గురించి నేను మొదట అడిగేది వాటి నేల ఎత్తు. బస్సు లోపలి నేల రోడ్డు మీద నుంచి ఎంత ఎత్తులో ఉందన్న లెక్కన మన దేశంలో సిటీ బస్సులు ముఖ్యంగా మూడు రకాలు: 900, 650, 400 మిల్లీమీటర్లు. 900 అంటే దాదాపు మూడు అడుగులు. మెట్టు మీద మెట్టు ఎక్కాలి. 400 అంటే అడుగూ నాలుగు అంగుళాలు. దానికి తలుపు దగ్గర మెట్లే ఉండవు. ఇప్పుడు ఫుట్‌పాత్ సంగతి చూడండి. రోడ్ల ప్రమాణాల ప్రకారం దాని అంచు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు మించకూడదు. 400 ఎత్తున్న బస్సు అలాంటి ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగితే మిగిలేది పది అంగుళాలే. కొన్ని బస్సులు తలుపు వైపుకు కాస్త వంగుతాయి కూడా, అప్పుడు ఇంకా తగ్గుతుంది. మా అమ్మ నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కేస్తుంది. రాంప్ దించితే చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుంది.

అదే బస్సు రోడ్డు మధ్యలో ఆగితే రాంప్ జారుడుబల్లలా నిలువుగా అవుతుంది. బస్సు మీద పెట్టిన ఖర్చంతా అక్కడ ఆగి ఉన్న ఒక్క కారు వల్ల వృథా. గతంలో నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద మన నగరానికి లో ఫ్లోర్ బస్సులు, అంటే నేల కిందికి ఉన్న బస్సులు వచ్చాయి. బస్సులు మారాయి కానీ అవి ఆగే చోటు మారలేదు.

చూపు లేని నా మిత్రుడొకరు ఇంకో మాట చెప్పారు. ఆయన ఇన్నాళ్లూ ఇంజన్ చప్పుడును బట్టి బస్సు వచ్చిందని గ్రహించి, పక్కవాళ్లను "ఏ నంబరండీ?" అని అడిగేవారు. ఎలక్ట్రిక్ బస్సుకు ఆ చప్పుడు లేదు. వచ్చిందీ తెలియదు, వెళ్లిందీ తెలియదు. బస్సు ఆగగానే నంబరు, వెళ్లే ఊరు తెలుగులో, ఉర్దూలో బయటికి వినిపించాలి. మెట్రో రైల్లో తర్వాతి స్టేషన్ పేరు చెప్తున్నారు, లిఫ్టులు ఉన్నాయి, కాలికి తగిలేలా గీతల పలకలు ఉన్నాయి. అది చేయగలిగిన నగరానికి ఇది కష్టం కాదు.

చట్టం కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ రవాణా గురించే. అయితే దాని కింద రాసిన నిబంధనలు చాలావరకు సలహాల్లాగే మిగిలాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ లోపాన్ని ఎత్తిచూపి, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు రాయమంది. ఆ కేసులో కోర్టు ఆధారపడ్డ నివేదికను తయారు చేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లే. దేశానికి దారి చూపిన ఆ పని మన ఊళ్లో జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది, మన బస్టాపులు చూసినప్పుడు అంతే బాధగా ఉంటుంది.

నా కోరిక పెద్దదేమీ కాదు. నగరమంతా ఒకేసారి బాగుచేయమనడం లేదు. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 లాంటి ఒక్క రూటు తీసుకోండి. దాని మీద నేల కిందికి ఉన్న బస్సులే నడపండి. ఆ దారిలో ప్రతి స్టాపులో ఫుట్‌పాత్ సరిచేసి, బస్సు ఆగే మేర రోడ్డుకు రంగు వేసి, అక్కడ వేరే బండి ఆగకుండా ఉదయం, సాయంత్రం ఒక మనిషిని ఉంచండి. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లను, చూపు లేనివాళ్లను, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ముందుగా ఎక్కించి చూసి, వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ తర్వాత రెండో రూటు.

ఎలక్ట్రిక్ బస్సుల వార్త మా అమ్మకు పేపర్లో చదివి వినిపించాను. పొగ రాదని చెబితే మంచిదే అంది. కాసేపాగి, కూర్చున్న చోటే చెయ్యి నేల మీద నుంచి కొంచెం పైకి లేపి చూపించి, "మెట్టు ఇంతే ఉంటదా బిడ్డా?" అని అడిగింది.

నమస్కారం.