అరచేతికి తెలిసే రాయి

అందరికీ నమస్కారం. ముందుగా ఈ రెండు రాళ్లనూ వరసగా చేతులు మార్చండి. ఒకటి గ్రానైట్ ముక్క, రెండోది గెలీనా. సైజు ఇంచుమించు ఒకటే. రెండోది అందుకోగానే ముందు వరసలో అమ్మాయి "అబ్బో!" అంది, విన్నారా? ఇవాళ్టి పాఠంలో సగం అదే.

గెలీనా అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం. పదో తరగతి ధాతువుల పట్టికలో చదివి మర్చిపోయి ఉంటారు. దాని బరువులో 86 శాతానికి పైగా సీసమే. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. గ్రానైటేమో మూడు రెట్లు కూడా ఉండదు.

మెరుపును మాత్రం నమ్మకండి. ఆ మధ్య ఒకాయన "వెండి దొరికిందండీ" అంటూ తళతళలాడే రాయి తెచ్చారు. బాత్‌రూమ్ టైల్ వెనక, నునుపు లేని వైపు గీసి చూశాం. ఎర్రటి గీత పడింది. అంటే హెమటైట్, ఇనుప ఖనిజం. గెలీనా అయితే గీత బూడిదరంగు కలిసిన నలుపులో పడేది. పాపం, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు గెలీనాను సుత్తితో మెల్లగా కొడతాను. చూడండి, ఎలాపడితే అలా పగల్లేదు. పటికబెల్లం పలుకుల్లా చదరపు ముక్కలు, అంచున మెట్లు మెట్లు. లోపల సీసం, గంధకం పరమాణువులు ఉప్పులో లాగే గళ్లుగళ్లుగా సర్దుకుని ఉంటాయి. ఆ గళ్ల వెంబడే విరుగుతుంది. ముక్కను ఎంత చిన్నది చేసినా అదే తీరు. నన్నడిగితే ఇంత ముచ్చటగా విరిగే రాయి ఇంకోటి లేదు.

పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమోట్టులో సీసం గని నడిచింది. అక్కడ తవ్వింది దీన్నే.

రేడియో కథ కూడా చెప్పాలి. గెలీనా పలుకు మీద సన్నటి తీగ ఆనిస్తే, కరెంటు ఒకవైపే సులువుగా పోతుంది. రేడియో తరంగాలను పట్టే గెలీనా పరికరానికి జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెడితే, 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. ట్రాన్సిస్టర్ పుట్టడానికి నలభై ఏళ్లకు పైగా ముందు మాట!

ఇదే రాయిని నూరి సుర్మాగా కళ్లకు పెట్టే అలవాటూ ఉంది. పిల్లలకు అస్సలు పెట్టొద్దు, సీసం ఒంట్లోకి పోతుంది. మీరు కూడా, రాయి ముట్టుకున్నవాళ్లంతా బయట కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సమోసాల దగ్గరికి రండి.